అంతర్జాతీయ ఒప్పందం దేశీయ చట్టంగా ఎలా మారుతుంది? పార్లమెంటు చేతిలో ఎంత మిగులుతుంది?

ప్రశ్న (చట్టసభ_పరిశీలన):

చట్టసభల పనితీరు మీద రాసేవారి కోసం ఒక వివరణ పత్రం తయారవుతోంది. అందులో ఇంకా విడని ముడులు ఇవి.

ఒక దేశం ఒప్పందం మీద సంతకం పెట్టగానే అది అక్కడి పౌరులకూ కోర్టులకూ వర్తిస్తుందా, లేక పార్లమెంటు విడిగా చట్టం చేయాలా? దేశీయ చట్టం ఒప్పందానికి ఎదురు వెళ్తే కోర్టు దేన్ని పట్టుకుంటుంది? యూరోపియన్ యూనియన్‌లో పై స్థాయి చట్టం నేరుగా అమలవుతుందంటారు. మామూలు ఒప్పందానికీ దానికీ తేడా ఎక్కడ? అసలు ఒప్పందాలే కాని ఎఫ్ఏటీఎఫ్ (మనీ లాండరింగ్‌ను అరికట్టే ప్రమాణాలు పెట్టే అంతర్ ప్రభుత్వ సంస్థ) సిఫార్సుల లాంటి వాటి వల్ల కూడా చట్టాలు మారుతున్నాయి, అదెలా? ఇన్నిటి మధ్య పార్లమెంటు నిజంగా నిర్ణయించగలిగే దశ ఏది?

సిద్ధాంత చర్చ పుస్తకాల్లో దొరుకుతుంది. ఏ అడుగు తర్వాత ఏ అడుగు, ఎక్కడ పని చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్నది చెప్పగలరా?

---

జవాబు 1 (నిబంధన_27):

సంతకం, ధ్రువీకరణ (కట్టుబడతామని దేశం అధికారికంగా తెలియజేయడం), అమల్లోకి రావడం, దేశీయ చట్టంలో చేరడం. ముందు ఈ నాలుగింటినీ విడదీసి చూడండి. వీటి తేదీలు వేర్వేరు. కొన్నిసార్లు నాలుగోది ఎప్పటికీ జరగదు.

సంధుల చట్టం మీద 1969లో కుదిరిన వియన్నా ఒప్పందం (1980 నుంచి అమల్లో ఉంది) ప్రకారం, ధ్రువీకరణ అవసరమైన ఒప్పందంలో సంతకంతో వచ్చే బాధ్యత చిన్నదే. 18వ అధికరణ కింద, ఆ ఒప్పందం ఉద్దేశాన్నే దెబ్బతీసే పని చేయకూడదు. అంతకు మించి ఏమీ లేదు. దేశం కట్టుబడేది ధ్రువీకరణతో. అదీ ఒప్పందం తనకు కావలసినన్ని దేశాలు చేరి అమల్లోకి వచ్చాకే. చిత్రహింసల నిరోధక ఒప్పందం మీద ఇండియా 1997లో సంతకం చేసింది, ధ్రువీకరించలేదు. దానికోసం తెచ్చిన బిల్లును 2010లో లోక్‌సభ ఆమోదించినా అది చట్టం కాకుండానే మురిగిపోయింది. సంతకం వార్త చూసి "ఇక మన చట్టం మారింది" అనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

ధ్రువీకరించాక 27వ అధికరణ మొదలవుతుంది. మా దేశీయ చట్టం ఒప్పుకోదు కాబట్టి బాధ్యత నెరవేర్చలేం అనే సాకు ఇతర దేశాల ముందు చెల్లదు. 46వ అధికరణలో సన్నటి సందు ఒకటి ఉంది. ఒప్పందం చేసుకునే అధికారం గురించిన అతి ముఖ్యమైన దేశీయ నియమాన్ని ఎవరికైనా కొట్టొచ్చినట్టు కనిపించేలా ఉల్లంఘించి సమ్మతి ఇచ్చి ఉంటేనే ఆ సందు తెరుచుకుంటుంది. ఆచరణలో దాదాపు ఎవరికీ తెరుచుకోదు.

దేశం లోపల సంగతి వేరు. అక్కడ మాట్లాడేది ఆ దేశ రాజ్యాంగం.

నెదర్లాండ్స్ రాజ్యాంగం 94వ అధికరణ ప్రకారం, అందరినీ కట్టిపడేసే స్వభావం ఉన్న ఒప్పంద నిబంధనకు విరుద్ధమైన పార్లమెంటు చట్టాన్ని కోర్టు పక్కన పెట్టాలి. అదే రాజ్యాంగం 120వ అధికరణ మాత్రం, చట్టం రాజ్యాంగానికి అనుగుణంగా ఉందో లేదో కోర్టులు చూడకూడదంటుంది. అంటే డచ్ జడ్జి తన రాజ్యాంగాన్ని చూపి కొట్టేయలేని చట్టాన్ని అంతర్జాతీయ ఒప్పందాన్ని చూపి ఆపగలరు. ఫ్రాన్స్‌లో 55వ అధికరణ ప్రకారం, సక్రమంగా ధ్రువీకరించి ప్రచురించిన ఒప్పందం మామూలు చట్టాల కంటే పైది. అవతలి పక్షం కూడా పాటిస్తుండాలన్నది షరతు. జర్మనీలో 59(2) కింద పార్లమెంటు సమ్మతి చట్టం కావాలి. ఆ దారిన వచ్చిన ఒప్పందం స్థాయి మామూలు ఫెడరల్ చట్టం స్థాయే.

బ్రిటన్‌లో పార్లమెంటు చట్టం చేయనిదే ఒప్పందంలోని ఒక్క వాక్యం కూడా కోర్టులో హక్కు కాదు. 2010 నాటి రాజ్యాంగ సంస్కరణ, పాలన చట్టం ప్రకారం ధ్రువీకరణకు ముందు ఒప్పందాన్ని 21 సమావేశ దినాలు సభల ముందు ఉంచాలి. దిగువ సభ కామన్స్ అభ్యంతరం తీర్మానిస్తే మళ్లీ 21 దినాలు ఆగాలి. అయితే చర్చగానీ ఓటింగ్‌గానీ తప్పనిసరి కాదు.

ఇండియాలో ఒప్పందం చేసుకునే అధికారం 73వ అధికరణ కింద ప్రభుత్వానిది, అమలు చట్టం చేసే అధికారం 253 కింద పార్లమెంటుది. పౌరుల హక్కులకు కోత పడినా, ఉన్న చట్టం మారాల్సి వచ్చినా శాసనం కావాలని సుప్రీంకోర్టు 1969లో మగన్‌భాయ్ కేసులో చెప్పింది. భూభాగం వదులుకోవాలంటే రాజ్యాంగ సవరణే కావాలి. బంగ్లాదేశ్‌తో 1974లో కుదిరిన సరిహద్దు ఒప్పందం పూర్తిగా అమలు కావడానికి 2015లో 100వ సవరణ తేవాల్సి వచ్చింది. పన్ను ఒప్పందాల్లో ఆదాయపు పన్ను చట్టం కింద నోటిఫికేషన్ లేనిదే కొత్త వెసులుబాటు దానంతట అది రాదని 2023లో నెస్లే కేసు తీర్పు తేల్చింది.

అమెరికా ఉదాహరణ కొంచెం దగ్గరగా చూడాలి. అక్కడి రాజ్యాంగం 6వ అధికరణ ఒప్పందాలను దేశ అత్యున్నత చట్టమని నేరుగా అంటుంది. 2004లో అంతర్జాతీయ న్యాయస్థానం అవేనా కేసులో, మరణశిక్ష పడ్డ మెక్సికో పౌరుల్లో 51 మందికి కాన్సులర్ సంబంధాల ఒప్పందం 36వ అధికరణ ప్రకారం తమ దేశ కాన్సులేట్‌ను సంప్రదించే హక్కు గురించి ఇవ్వాల్సిన సమాచారం ఇవ్వలేదని, వారి కేసుల్ని అమెరికా పునఃపరిశీలించాలని తీర్పు చెప్పింది. టెక్సస్ ఒప్పుకోలేదు. 2008లో, ఆ 51 మందిలో ఒకరైన మెడెయిన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అన్నది: తీర్పుకు కట్టుబడాల్సిన అంతర్జాతీయ బాధ్యత దేశానికి ఉంది, కానీ అమలు చట్టం లేదు కాబట్టి టెక్సస్ కోర్టుకు అది వర్తించదు. అదే ఏడాది ఆగస్టులో మెడెయిన్‌కు మరణశిక్ష అమలైంది. "అత్యున్నత చట్టం" అని రాజ్యాంగంలో ఉన్నా, ఒప్పంద నిబంధనకు స్వయంగా అమలయ్యే స్వభావం ఉందా అనే ప్రశ్న దాటాకే ఆ మాటకు బలం.

ఇక ఎదురెదురైతే ఏది గెలుస్తుంది? చట్టం చేసి తీరాల్సిన దేశాల్లో, స్పష్టంగా ఉన్న చట్టమే గెలుస్తుంది. రెండు అర్థాలకు తావున్నప్పుడు కోర్టు ఒప్పందానికి సరిపోయే అర్థం తీసుకుంటుంది. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సివిల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షన్‌ను ఇలాగే చదివారు. అప్పు తీర్చలేకపోవడం వేరు, ఉండి ఎగ్గొట్టడం వేరు అని, మొదటిదానికి జైలు పనికిరాదని అన్నారు. చట్టమే లేని ఖాళీలో కోర్టు ఇంకా ముందుకు వెళ్లొచ్చు. 1997లో విశాఖ తీర్పు మహిళల వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని ఆధారం చేసుకుని మార్గదర్శకాలు ఇచ్చింది. పార్లమెంటు చట్టం వచ్చింది 2013లో.

---

జవాబు 2 (ముసాయిదా_గది):

పైన చెప్పింది కోర్టు వైపు నుంచి. పని ఎక్కువ చెడేది అంతకు చాలా ముందే, బిల్లు రాసే చోట.

మొదటి పని పట్టిక. ఒప్పందంలోని ప్రతి అధికరణకూ ఒక వరుస. మొదటి గడిలో ఆ నిబంధన పాఠం, రెండో గడిలో ఇప్పటికే ఉన్న చట్టం, సెక్షన్, మూడో గడిలో లోటు, నాలుగో గడిలో దాన్ని పూడ్చేది చట్టమా, రూల్సా, పాలనాపరమైన ఉత్తర్వు చాలా, ఎవరి బాధ్యత అన్నది. దీన్ని ధ్రువీకరణకు ముందే చేయాలి. తర్వాత చేస్తే అది బాకీల జాబితా అవుతుంది తప్ప నిర్ణయానికి పనికిరాదు. మినహాయింపు ప్రకటన (ఫలానా నిబంధన మాకు వర్తించదని చెప్పడం) చేసే హక్కు కూడా సాధారణంగా సంతకం, ధ్రువీకరణ, చేరిక సమయాల్లోనే ఉంటుంది.

పట్టిక నింపేటప్పుడు క్రియాపదాలు జాగ్రత్తగా చదవాలి. 2003 నాటి ఐక్యరాజ్యసమితి అవినీతి నిరోధక ఒప్పందం తీసుకోండి. ప్రభుత్వ ఉద్యోగికి లంచం ఇవ్వడం, ఉద్యోగి తీసుకోవడం గురించిన 15వ అధికరణ నేరంగా చేసి తీరాలంటుంది. ఆదాయానికి మించిన ఆస్తుల గురించిన 20వ అధికరణ, రాజ్యాంగానికి లోబడి, నేరంగా చేసే విషయాన్ని పరిశీలించాలని మాత్రమే అంటుంది. ప్రైవేటు రంగంలో లంచాల గురించిన 21 కూడా అంతే. మంత్రిత్వ శాఖ నోట్‌లో ఈ మూడూ "ఒప్పందం ప్రకారం తప్పనిసరి" అనే ఒక్క శీర్షిక కిందకు చేరిపోయాయంటే, సభ్యులకు ఉన్న స్వేచ్ఛ వారికి తెలియకుండానే పోయినట్టే. ఇది అనువాద లోపం కాదు, నోట్ రాసేవారు తొందరలో చేసే పని. కమిటీలో మొదట పట్టుకోవాల్సింది దీన్నే.

చట్టంలోకి తేవడానికి పద్ధతులు రెండు. ఒకటి, ఒప్పంద పాఠాన్ని షెడ్యూలుగా జోడించి ఫలానా అధికరణలకు చట్టబలం ఉంటుందని ఒక సెక్షన్ రాయడం. ఇండియా 1972 దౌత్య సంబంధాల చట్టం, 1972 విమాన రవాణా చట్టం ఈ తరహావే. పరిధి ఇరుకుగా, పాఠం కచ్చితంగా ఉన్న ఒప్పందాలకు ఇది సరిపోతుంది. రెండోది, ఒప్పంద భావాన్ని దేశీయ పరిభాషలో కొత్తగా రాయడం, 2016 వికలాంగుల హక్కుల చట్టంలాగా. పాలనా యంత్రాంగం, అధికారులు, గడువులు, అప్పీళ్లు కావలసిన చోట ఇదే దారి. షెడ్యూలు పద్ధతిలో వచ్చే చిక్కు, "తగిన చర్యలు తీసుకోవాలి" లాంటి వాక్యాలు అలాగే చట్టంలోకి వచ్చేస్తాయి. ఎవరు తీసుకోవాలి, ఎప్పటిలోగా, తీసుకోకపోతే ఏమిటి? ఏమీ ఉండదు. తిరగరాసే పద్ధతిలో చిక్కు, నిర్వచనం ఒక్క పదం ఇరుకై బాధ్యతలో ఓ ముక్క జారిపోతుంది. పట్టిక ఉంటే రెండూ దొరుకుతాయి.

శిక్షలు మరో చోటు. ఒప్పందాలు నేరంగా చేయమంటాయిగానీ ఎన్నేళ్లో చెప్పడం అరుదు. రసాయన ఆయుధాల ఒప్పందం 7వ అధికరణ శిక్షా చట్టం చేయాలనే అంటుంది, కొలత దేశానిది. మిగతా శిక్షాస్మృతితో పోల్చి చూడకుండా వేసే అంకె తర్వాత కోర్టులో నిలవదు.

అనుబంధాల సంగతి. రసాయనాల జాబితాలు, నౌకల సాంకేతిక ప్రమాణాలు తరచూ మారతాయి. వాటిని చట్టంలో అచ్చు వేస్తే కొన్నేళ్లకు చట్టం పాతదైపోతుంది. నోటిఫికేషన్ ద్వారా మార్చే అధికారం ఇస్తే కాలానికి తగ్గట్టు నడుస్తుంది, కానీ ఆ మార్పు సభ కళ్లబడదు. అధికారం ఇవ్వండి, కానీ నోటిఫికేషన్‌ను సభల ముందు పెట్టాలని, సభ దాన్ని రద్దు చేయగలదని అదే సెక్షన్‌లో రాయండి.

సమాఖ్య దేశాల్లో ఇంకో ముడి. ఒప్పందం చేసేది కేంద్రం, విషయం రాష్ట్రాలది. 1937లో కార్మిక ఒప్పందాల కేసులో, అప్పట్లో కెనడాకు చివరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, కెనడా కేంద్ర పార్లమెంటు ఒప్పందం పేరుతో ప్రావిన్సుల అంశాల మీద చట్టం చేయలేదని తేల్చింది. అందుకే అక్కడ ధ్రువీకరణకు ముందు ప్రావిన్సులతో సంప్రదింపు ఆచరణగా మారింది. ఆస్ట్రేలియాలో 1983 టాస్మేనియా ఆనకట్ట కేసు దీనికి పూర్తిగా వ్యతిరేక దిశ: విదేశీ వ్యవహారాల అధికారంతో కేంద్రం రాష్ట్రాన్ని ఆపగలిగింది. ఇండియా 253 కూడా కేంద్రానికి పూర్తి దారి ఇస్తుంది. 1986 పర్యావరణ చట్టం ఆ దారిన వచ్చిందే. కానీ చట్టం చేసే అధికారం కేంద్రానిదై అమలు చేసే ఇన్‌స్పెక్టర్లు, నిధులు రాష్ట్రాలవైతే కాగితం మీద ఒప్పందం అమలైనట్టే కనిపిస్తుంది, కింద ఏమీ కదలదు.

ఇవన్నీ ఒకే చోట చెడిన ఉదాహరణ కేప్‌టౌన్ ఒప్పందం. విమానాల లాంటి కదిలే ఆస్తుల మీద రుణదాతల, లీజుకు ఇచ్చినవారి హక్కుల కోసం 2001లో కుదిరింది. ఎయిర్‌లైన్ చేతులెత్తేస్తే విమానం యజమాని దాన్ని వేగంగా వెనక్కి తీసుకోగలగాలి. ఇండియా 2008లో చేరింది, అమలు చట్టం చేయలేదు. విమాన నిబంధనల్లో రిజిస్ట్రేషన్ రద్దుకు ఏర్పాటు చేశారు. 2016లో దివాలా స్మృతి వచ్చింది. దాని 14వ సెక్షన్ కింద దివాలా ప్రక్రియ మొదలవగానే రుణగ్రహీత దగ్గరున్న ఆస్తుల్ని ఎవరూ తీసుకెళ్లకుండా మారటోరియం పడుతుంది. 238వ సెక్షన్ కింద ఆ స్మృతి ఇతర చట్టాలను దాటి నిలుస్తుంది. 2023 మేలో గో ఫస్ట్ ఎయిర్‌లైన్ దివాలా ప్రక్రియలోకి వెళ్లగానే లీజుకు ఇచ్చినవారి విమానాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఒప్పందం ఒకవైపు, చట్టం మరోవైపు. రూల్ ఎంత స్పష్టంగా ఉన్నా చట్టాన్ని దాటలేదు. 2023 అక్టోబరులో విమానాలను మారటోరియం నుంచి మినహాయిస్తూ నోటిఫికేషన్ వచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు రిజిస్ట్రేషన్ రద్దుకు ఆదేశించింది. అమలు చట్టం 2025లో వచ్చింది. 2008లో పట్టిక వేసి చట్టం చేసి ఉంటే, 2016లో దివాలా స్మృతి రాసేవారి ముందు ఆ చట్టం ఉండేది, ఢీకొట్టే సెక్షన్ అక్కడే కనబడేది.

---

జవాబు 3 (లక్సెంబర్గ్_వైపు):

యూరోపియన్ యూనియన్ భాగం నేను చెబుతాను.

తేడా ఒక్క మాటలో: మామూలు ఒప్పందం దేశాన్ని కట్టేస్తుంది, యూనియన్ చట్టం దేశంతోపాటు పౌరుణ్ణీ కంపెనీనీ దేశంలోని ప్రతి జడ్జినీ కట్టేస్తుంది. ఇది ఒప్పంద పాఠంలో అంత స్పష్టంగా రాసి లేదు. యూరోపియన్ న్యాయస్థానం 1963లో వాన్ గెండ్ ఎన్ లోస్ కేసులో నేరుగా వర్తింపునూ, 1964లో ఒక కరెంటు బిల్లు మీద మొదలైన కోస్టా కేసులో ఆధిక్యాన్నీ స్థాపించింది. 1978 సిమ్మెంతాల్ తీర్పు ప్రకారం, విరుద్ధమైన దేశీయ చట్టాన్ని పక్కన పెట్టడానికి కింది కోర్టు కూడా పై కోర్టు కోసమో పార్లమెంటు సవరణ కోసమో ఆగనక్కర్లేదు.

రోజువారీ పనిలో రెండు సాధనాలు. రెగ్యులేషన్ నేరుగా చట్టం. వ్యక్తిగత డేటా రక్షణ రెగ్యులేషన్‌ను 2016 ఏప్రిల్‌లో ఆమోదించారు, 2018 మే 25 నుంచి వర్తించింది. దాన్ని దేశీయ చట్టంలో మళ్లీ రాయడం అనవసరమే కాదు, తప్పు కూడా. మూలం ఏదో మరుగున పడిపోతుంది. దేశాలు చేయాల్సింది పర్యవేక్షణ సంస్థను నియమించడం, రెగ్యులేషన్ వదిలిన ఖాళీలు నింపడం (పిల్లల సమ్మతి వయసు 16, దాన్ని 13 వరకు తగ్గించుకోవచ్చు), పాత విరుద్ధ సెక్షన్లు తీసేయడం.

డైరెక్టివ్ ఫలితాన్ని నిర్దేశిస్తుంది, పద్ధతిని దేశానికి వదులుతుంది. తరచుగా రెండేళ్ల గడువు ఉంటుంది. ఇక్కడ జరిగే తప్పులు మూడు రకాలు.

ఆలస్యం మొదటిది. యూనియన్ కార్యనిర్వాహక సంస్థ అయిన కమిషన్ మొదట నోటీసు ఇస్తుంది, తర్వాత కారణాలతో అభిప్రాయం, ఆపైన కోర్టు. అమలు చర్యలు తెలియజేయనే లేదంటే యూనియన్ పనితీరు ఒప్పందం 260(3) కింద మొదటి కేసులోనే జరిమానా అడగొచ్చు. అక్రమాలు బయటపెట్టేవారి రక్షణ డైరెక్టివ్ గడువు 2021 డిసెంబరు 17. దాటినందుకు 2025 మార్చిలో జర్మనీకి 3.4 కోట్ల యూరోలు పడింది. అంతకంటే పదునైనది ఫ్రాంకోవిచ్ సూత్రం. దివాలా తీసిన యజమానుల దగ్గర జీతం పోగొట్టుకున్న కార్మికులకు రక్షణ ఇచ్చే డైరెక్టివ్‌ను ఇటలీ అమలు చేయలేదు. 1991లో కోర్టు, డైరెక్టివ్ వ్యక్తులకు హక్కు ఇవ్వాలనుకుని ఉండాలి, ఆ హక్కు ఏమిటో డైరెక్టివ్ నుంచే తెలియాలి, నష్టానికీ ఉల్లంఘనకూ సంబంధం ఉండాలి, ఇవి మూడూ ఉంటే దేశమే నష్టపరిహారం ఇవ్వాలంది.

రెండోది, అడిగినదానికంటే ఎక్కువ కలిపి "బ్రస్సెల్స్ (అంటే యూనియన్) అడిగింది" అని సభకు చెప్పడం. బిల్లుతోపాటు పోలిక పట్టిక అడగండి. డైరెక్టివ్‌లో మూలం లేని ప్రతి సెక్షన్ దేశ ప్రభుత్వం సొంత నిర్ణయమే. దాన్ని ఆ లెక్కలోనే చర్చించాలి.

మూడోది ఎక్కువమందికి తెలియనిది. వస్తువులకు సాంకేతిక నియమం పెట్టే ఏ దేశీయ ముసాయిదానైనా 2015/1535 డైరెక్టివ్ కింద ముందే కమిషన్‌కు తెలియజేసి 3 నెలలు ఆగాలి. ఎవరైనా వివరమైన అభ్యంతరం తెలిపితే వస్తువుల విషయంలో సాధారణంగా 6 నెలలు. తెలియజేయకుండా చేస్తే? సీఐఏ సెక్యూరిటీ అనే కంపెనీ కేసులో 1996 తీర్పు ప్రకారం ఆ నియమాన్ని వ్యక్తుల మీద ప్రయోగించలేరు. పార్లమెంటు సక్రమంగా ఆమోదించిన చట్టం, ఒక నోటీసు పంపనందుకు కోర్టులో పనికిరాకుండా పోతుంది.

గడువు దాటాక, స్పష్టంగా ఉన్న డైరెక్టివ్ నిబంధనను పౌరుడు ప్రభుత్వం మీద నేరుగా వాడుకోవచ్చు. మరో ప్రైవేటు వ్యక్తి మీద వాడలేడు. 1986 మార్షల్, 1994 ఫాచ్చీని దోరీ తీర్పులు ఈ గీత గీశాయి.

రాజ్యాంగ న్యాయస్థానాలు ఇదంతా బేషరతుగా ఒప్పుకోలేదు. జర్మనీ కోర్టు 1974 నుంచీ ప్రాథమిక హక్కుల షరతు పెడుతూ వచ్చింది, 2020 మే 5న యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు బాండ్ల కొనుగోలు మీద యూరోపియన్ కోర్టు తీర్పునే అధికార పరిధి దాటిందని అంది.

యూరప్ బయట ఇంతకు దగ్గరగా వచ్చేది ఓహాదా, అంటే వ్యాపార చట్టాలను ఏకరూపం చేసే ఆఫ్రికా దేశాల సంస్థ. 1993లో పోర్ట్ లూయీలో కుదిరింది, ఆఫ్రికాలో 17 సభ్య దేశాలు. దాని ఏకరూప చట్టాలు 10వ అధికరణ కింద సభ్య దేశాల్లో నేరుగా వర్తిస్తాయి. ఆమోదించేది మంత్రుల మండలి, హాజరై ఓటు వేసినవారి ఏకగ్రీవంతో. చివరి అప్పీలు అబిజాన్‌లోని ఉమ్మడి కోర్టుకు. కంపెనీల చట్టం, దివాలా, తనఖా లాంటి విషయాల్లో అక్కడి జాతీయ పార్లమెంటుకు ఓటే లేదు. యూనియన్ కంటే ఈ విషయంలో ఇది ఇంకా బిగువు.

---

చట్టసభ_పరిశీలన:

ముగ్గురికీ ధన్యవాదాలు. పట్టిక సంగతి నేరుగా వాడుకుంటాను. ఒప్పందం కాని ప్రమాణాల ప్రశ్న మిగిలింది. అలాగే, జవాబు 1 చదివితే అమలు చట్టం చేయకపోతే దేశం లోపల ఏమీ కాదన్నట్టుంది. జవాబు 3 చదివితే పార్లమెంటుకు ఏమీ మిగలలేదన్నట్టుంది. ఈ రెండింటి మధ్య అసలు చోటు ఎక్కడ?

---

జవాబు 4 (వాణిజ్య_విధానం):

జవాబు 1 న్యాయపరంగా సరైనదే, కానీ చట్టాలు మారడానికి కోర్టు ఒక్కటే కారణం కాదు. చాలాసార్లు డబ్బు, మార్కెట్ ప్రవేశం ముందు పనిచేస్తాయి.

ఎఫ్ఏటీఎఫ్ 1989లో మొదలైంది. దాని 40 సిఫార్సులు ఒప్పందం కాదు, ఎవరూ ధ్రువీకరించరు. పద్ధతి ఇలా ఉంటుంది: తోటి దేశాల బృందం మీ చట్టాలను సిఫార్సు వారీగా చూసి మార్కులు వేస్తుంది, తర్వాత 11 ఫలితాల మీద అమలు ఎంత ఉందో చూస్తుంది. లోట్లు ఎక్కువైతే పెరిగిన పర్యవేక్షణ జాబితా, అంటే గ్రే లిస్టు. విదేశీ బ్యాంకులు ఆ దేశపు లావాదేవీల మీద తనిఖీలు పెంచుతాయి, ఖర్చు పెరుగుతుంది. పాకిస్తాన్ 2018 జూన్ నుంచి 2022 అక్టోబరు వరకు ఆ జాబితాలో ఉంది. 2020లో అక్కడి పార్లమెంటు మనీ లాండరింగ్ చట్ట సవరణలు సహా అనేక బిల్లుల్ని ఈ గడువుల ఒత్తిడిలోనే ఆమోదించింది. ఇక్కడ సభ అడగాల్సింది ఒకటే: మూల్యాంకన నివేదికలో ఏ సిఫార్సు కింద ఏ లోటు రాశారు, ఈ సెక్షన్ దాన్ని పూడుస్తుందా లేక వేరే ఉద్దేశంతో చేర్చారా? నివేదికలు బహిరంగమే. స్వచ్ఛంద సంస్థల మీద ఆంక్షలు 8వ సిఫార్సు పేరుతో అవసరానికి మించి రావడం చాలా దేశాల్లో కనిపించింది. ఆ సిఫార్సు కోరేది మాత్రం రిస్క్ ఉన్న సంస్థలపై తగిన చర్యలే.

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ తీరు ఇంకోలా ఉంటుంది. నౌకల వల్ల కాలుష్యాన్ని అరికట్టే మార్పోల్ ఒప్పందం అనుబంధాల సవరణకు మౌనమే అంగీకారం. గడువులోగా మూడో వంతు దేశాలు, లేదా ప్రపంచ వాణిజ్య నౌకల టన్నేజీలో సగం ఉన్న దేశాలు అభ్యంతరం చెప్పకపోతే సవరణ అమల్లోకి వస్తుంది. నౌకా ఇంధనంలో గంధకం పరిమితి 3.50 శాతం నుంచి 0.50 శాతానికి 2020 జనవరి 1న దిగింది. దాన్ని ఆపాలనుకునే పార్లమెంటు లండన్‌లో కమిటీ కూర్చున్నప్పుడే తన ప్రతినిధికి చెప్పి ఉండాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ దీనికి భిన్నం. దాని రాజ్యాంగం 19వ అధికరణ ప్రకారం కొత్త ఒప్పందాన్ని 12 నెలల్లో, అసాధారణ పరిస్థితుల్లో 18 నెలల్లో, దేశంలోని అధికారిక వేదిక ముందు పెట్టి తీరాలి. ఆ వేదిక సాధారణంగా చట్టసభే. ధ్రువీకరించాలా వద్దా అన్నది తర్వాత. అడగకుండా దాటవేయడానికి మాత్రం వీల్లేదు.

ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ)లో ముసాయిదా దశే కీలకం. అంతర్జాతీయ ప్రమాణానికి భిన్నంగా ఉండి వాణిజ్యం మీద గణనీయ ప్రభావం చూపే సాంకేతిక నియమాన్ని ముందే తెలియజేయాలి. వ్యాఖ్యలకు 60 రోజులు ఇవ్వడం పద్ధతి, ప్రచురణకూ అమలుకూ మధ్య సాధారణంగా 6 నెలలకు తగ్గకుండా ఉండాలి. దీన్ని సభ షెడ్యూలులో కలుపుకోకపోతే బిల్లు ఆమోదం పొందాక ఆగిపోతుంది. ఓడిపోయిన దేశ చట్టాన్ని డబ్ల్యూటీఓ కొట్టేయలేదు. 2015 డిసెంబరులో అమెరికా మాంసం మూలదేశం లేబుల్ నియమం మీద కెనడా, మెక్సికోలకు కలిపి ఏడాదికి 100 కోట్ల డాలర్లకు పైగా ప్రతీకార సుంకాలకు అనుమతి వచ్చింది. అదే నెలలో అమెరికా కాంగ్రెస్ గొడ్డు మాంసం, పంది మాంసం విషయంలో ఆ నియమాన్ని తీసేసింది. ఏ కోర్టూ ఆదేశించలేదు.

ఇందులో నిలబడి గెలిచిన ఉదాహరణ కూడా ఉంది. ఆస్ట్రేలియా 2011లో సిగరెట్లకు సాదా ప్యాకింగ్ చట్టం చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందం 11, 13 అధికరణల మార్గదర్శకాలు దానికి ఆధారం. ఫిలిప్ మోరిస్ 1993 నాటి హాంకాంగ్ పెట్టుబడి ఒప్పందం కింద కేసు వేస్తే 2015లో పరిధి మీదే కొట్టేశారు, డబ్ల్యూటీఓ అప్పీలు 2020లో ఆస్ట్రేలియా పక్షాన ముగిసింది. ఆరోగ్య ప్రయోజనానికి ఆధారాలను చట్టం చేసే ముందే పోగుచేసి పెట్టుకోవడం అక్కడ ఉపయోగపడింది.

---

జవాబు 5 (నిబంధన_27):

జవాబు 4తో ఏకీభవిస్తాను, రెండు చేర్పులు.

ఒకటి, ఒప్పందం వదిలిన ఖాళీని వాడుకోవడం. డబ్ల్యూటీఓ మేధో సంపత్తి ఒప్పందం ట్రిప్స్ 1995 జనవరి 1న వచ్చింది. మందుల మీద ఉత్పత్తి పేటెంట్లకు ఇండియాకు 2005 దాకా గడువు ఉంది, కానీ దరఖాస్తులు స్వీకరించి భద్రపరిచే ఏర్పాటు మొదటిరోజు నుంచే ఉండాలి. 1994 డిసెంబరు 31న తెచ్చిన ఆర్డినెన్స్ మూడు నెలల్లో ముగిసింది, బిల్లు 1996లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. పాలనా సూచనలతో నడిపిస్తున్నామని ప్రభుత్వం వాదించింది. చట్టానికి విరుద్ధమైన సూచన గట్టి ఆధారం కాదని 1997లో డబ్ల్యూటీఓ అప్పీలు సంస్థ తేల్చింది, 1999లో సవరణ తేవాల్సి వచ్చింది. అదే ఇండియా 2005 సవరణలో, తెలిసిన మందు కొత్త రూపానికి మెరుగైన ప్రభావం చూపితేనే పేటెంట్ అనే 3(డి) సెక్షన్ రాసింది. ఏది నవకల్పనో నిర్వచించే చోటు ట్రిప్స్ దేశాలకు వదిలింది కాబట్టి అది సాధ్యమైంది. 2013లో నోవార్టిస్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను అమలు చేసింది, ఈ దాకా దాని మీద డబ్ల్యూటీఓ తీర్పు ఏదీ లేదు.

రెండోది, సభకు బలం ఉండే దశ. డెన్మార్క్‌లో మంత్రి బ్రస్సెల్స్ వెళ్లే ముందే పార్లమెంటు యూరోపియన్ వ్యవహారాల కమిటీ ముందు తన బేరం వైఖరి చెప్పాలి. మెజారిటీ వ్యతిరేకిస్తే ఆ వైఖరితో వెళ్లలేరు. యూనియన్ ముసాయిదా మీద జాతీయ పార్లమెంట్లకు 8 వారాలు ఉంటాయి. మూడో వంతు ఓట్లు అభ్యంతరం చెబితే కమిషన్ పునఃపరిశీలించాలి. 2012లో సమ్మె హక్కు గురించిన ప్రతిపాదన ఇలాగే మొదలై వెనక్కి వెళ్లింది. చివరి దశలో కూడా కాదనవచ్చు: నకిలీ వస్తువుల నిరోధక ఒప్పందాన్ని యూరోపియన్ పార్లమెంటు 2012 జులై 4న 478 ఓట్లతో తిరస్కరించింది, అనుకూలం 39. కానీ చివర్లో ఉన్నవి అవును, కాదు అనే రెండు మాటలే. సవరణలు ప్రతిపాదించే చోటు అంతకు ముందే అయిపోతుంది.

బయటికి వెళ్లడానికి కూడా సభ కావాలా? 2017 జనవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు మిల్లర్ కేసులో యూరోపియన్ యూనియన్ విషయంలో, ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా ప్రిటోరియా హైకోర్టు అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు విషయంలో, పార్లమెంటు ఆమోదం లేకుండా ప్రభుత్వం వైదొలగే నోటీసు ఇవ్వలేదన్నాయి. మీ పత్రంలో వైదొలగే నిబంధన గడువు కూడా ఒక గడిలో పెట్టండి. ఇంధన రంగ పెట్టుబడులను కాపాడే ఎనర్జీ చార్టర్ ఒప్పందం నుంచి బయటికి వెళ్లినా అప్పటికే ఉన్న పెట్టుబడులకు మరో 20 ఏళ్ల రక్షణ 47(3) కింద కొనసాగుతుంది. చేరేటప్పుడు ఆ గడి ఖాళీగా ఉంటే, ఆ 20 ఏళ్లు రాబోయే సభల మీద పడతాయి.

---

ముసాయిదా_గది:

ఆ గడి పక్కనే ఇంకోటి: నివేదికల గడువు. ఏ కమిటీకి, ఎన్నేళ్లకోసారి, ఏ శాఖ రాయాలి. అమలు చట్టంలోనే ఆ నివేదిక ప్రతిని సభల ముందు పెట్టాలని ఒక సెక్షన్ రాస్తే, జెనీవాలో ఐక్యరాజ్యసమితి కమిటీల ముందు ప్రభుత్వం ఏం చెప్పిందో సభ్యులకు అప్పుడే చేరుతుంది, అక్కడి కమిటీ అడిగిన ప్రశ్నల్ని ఇక్కడ ప్రశ్నోత్తరాల సమయంలో అడగొచ్చు.